ఎనిమిదో వరస

ఆదివారం. స్కూలు బస్సు షెడ్డులో నిద్రపోతోంది.
లూవెల్లా పాత పికప్‌లో మేమిద్దరం, ఒక ఫ్లాస్కు, నలిగిన కాగితం.
కాగితం మీద ప్రశ్నలు. జవాబులు కొండల మీద.
జవాబులన్నీ అంకెలే. పేర్చుకుంటూ పోతే
అక్షాంశం, రేఖాంశం, ఎక్కడో దాచిన ఒక డబ్బా.
దాచినవాడి పేరు తెలీదు. సంతకం చోట "ముసలి గ్రేడర్" అని ఉంది.
రోడ్డు చదును చేసే యంత్రం పేరు పెట్టుకున్నవాడు
రోడ్డు పక్కన ఆగమంటున్నాడు.

పందొమ్మిదేళ్లుగా వర్జీనియాలో ఈ మూల, ఈ రోడ్డు నా చేతుల్లో ఉంది.
ఏ మలుపులో బ్రేకు ఎంత నొక్కాలో పాదానికి తెలుసు.
ఏ గేటు లోంచి ఏ పిల్ల లేసులు కట్టుకోకుండా పరిగెత్తుకొస్తుందో తెలుసు.
కానీ నలభై ముగ్గురిని వెనకేసుకుని
లోయ వైపు తల తిప్పే డ్రైవరు ఉంటుందా?
నేను చూసిన లోయల్లా
ఎవడు ఎవణ్ణి గిల్లుతున్నాడో కనిపెట్టే అద్దంలో
ఓ మూల నుంచి జారిపోయిన నీలం.

మొదటి మలుపు: రెయిలింగుకి తుప్పు పట్టని బోల్టులెన్ని?
లూవెల్లా మోకాళ్లు పట్టుకుని వంగి
ఒక్కోటీ తట్టి చూసింది, పుచ్చకాయలు బేరమాడుతున్నట్టు.
నాలుగు.
రెండో మలుపు: బల్ల మీద చెక్కిన పేర్లలో కొట్టేసినవెన్ని?
రెండు. అందులో ఒకటి డార్లా.
ఆ డార్లా నేను కాదు. లూవెల్లా నమ్మలేదు.

మూడో చోట చూడ్డానికి ఏమీ లేదు.
పాప్లర్ చెట్లు ఎదిగి లోయకి తలుపేసేశాయి.
"ఇక్కణ్ణుంచి ఒకప్పుడు ఏం కనిపించేదో ఎవర్నైనా అడగండి.
దాని పేరులో అక్షరాలు లెక్కపెట్టండి."
ఎవర్ని? అరగంటకి ఒక ముసలాయన ట్రాక్టరు మీద వచ్చాడు.
ఇంజను ఆపకుండానే అరిచాడు: మా చర్చి కప్పు. కాలిపోయింది.
పేరు?
ఇంజను ఆపాడు. టోపీ తీశాడు. అప్పుడు చెప్పాడు.
ఆ పేరు ఇక్కడ రాయను.
కావాలంటే మీరూ వెళ్లి అడగండి.

చివరి మలుపులో ప్రశ్న మూడే ముక్కలు:
ఎన్ని వరసల కొండలు?

దూరపు కొండలు నునుపంటారు.
నునుపైనవే లెక్కకి దొరకవు, కన్ను ఆనించగానే జారిపోతాయి.
ఏడో దాని వెనక ఉన్నది కొండో, మబ్బో,
కొండనుకోవాలన్న నా కోరికో.
లూవెల్లా ఏడంది. నేను తొమ్మిదన్నాను.
ఆవిడ కంట్లో శుక్లం, నా ఒంట్లో మొండితనం.
తొమ్మిది వేస్తే ఫోను నడి ఏట్లో చుక్క పెట్టింది.
ఏడు వేస్తే ఒక ఆవుల దొడ్లోకి తీసుకెళ్లింది.
ఏడు లెక్కపెట్టినవాళ్లని ఇదివరకే చాలామందిని చూసినట్టు
ఆవులు మమ్మల్ని చూసి మళ్లీ గడ్డిలో పడ్డాయి.

సోమవారం రాత్రంతా వాన.
మంగళవారం పొద్దున గాలి కడిగిన గ్లాసులా ఉంది.
బస్సు ఆపకూడదు, అది రూలు.
నెమ్మదిగా పోకూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు.
"కుడి కిటికీల వాళ్లు! కొండలెన్ని వరసలు?"
ఆరు! పన్నెండు! వంద! మిస్ డార్లా, వీడు నా సీట్లో కూర్చున్నాడు!
అద్దంలో, ఆఖరి సీటులో
సెప్టెంబరు నుంచి నోరు విప్పని జూనీ హైల్టన్
రెండు చేతులూ ఎత్తింది, బొటనవేళ్లు మడిచి.

శనివారం ఎనిమిది వేశాం.
చుక్క మా బస్సు దారి మీదే పడింది. మీద కాదు, కింద.
రోడ్డు అడుగున రాతి తూములో
పాత తూటాల పెట్టె. అందులో పెన్సిలు, గోళీ,
తుప్పు పట్టని ఒక బోల్టు, పదకొండు పేర్ల పుస్తకం.
రోజుకి రెండుసార్లు నేను దీని నెత్తిమీంచే పోయాను.

మూడు పేర్లు రాశాం. మూడోది జూనీది.
రాశాక లూవెల్లా పెన్సిలు ఇవ్వలేదు.
తన పేరు పక్కన చిన్న అక్షరాల్లో
"నాకు మాత్రం ఏడే" అని చేర్చి
పెట్టె మూత గట్టిగా నొక్కింది.