అరవయ్యో కాలు

అరవై కాళ్లు కావాలన్నాడు లెక్కల సారు.
అరవైకి తగ్గితే ఫలితం నిలబడదమ్మా అని
టీ గ్లాసు కింద పెట్టకుండానే చెప్పినాడు.

నా థీసిస్ ప్రశ్న చిన్నది:
ఎముక చర్మం చీల్చుకొని బయటపడ్డ గడియ నుంచి
మేం దాన్ని మొదటిసారి కడిగే గడియ దాకా
ఎన్ని గంటలు పోతే
ఎంత చీము.

కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో
ఒక గళ్ల కాగితం, నీలం పెన్ను.
వయసు. దెబ్బ తగిలిన చోటు. వచ్చిన వేళ.
చివరి గడి గైడు సారు వద్దన్నా నేనే కలిపినా:
ఇక్కడికి రాకముందు గాయం మీద ఏం పెట్టినారు?
పసుపు. కాఫీపొడి. బీడీ బూడిద.
డోన్ నుంచి వచ్చినామెకు కొత్త చీర కొంగు.
పదిహేడో నంబరు పిల్లోనికి ఏమీ లేదు,
నలభై కిలోమీటర్లు అదిమిపట్టుకున్న
వాళ్ల నాయన అరచెయ్యి తప్ప.
ఆ గడిలో ఎట్ల రాయాలో తెలియక
"ఒత్తిడి" అని రాసినా.

శ్రావణం పోయేసరికి యాభై తొమ్మిది.
ఆ తరువాత తొమ్మిది రోజులు
బెంగుళూరు రోడ్డు మీద ఎవరికీ ఏమీ కాలేదు.
సిస్టరు జ్ఞానసుందరమ్మ ఆ మాట పైకి అననిచ్చేది కాదు,
దిష్టి తగులుతుందని.
అందరూ వేళకు అన్నం తిన్నారు.
నబీసాబ్ స్ట్రెచర్ చక్రాలకు తీరిగ్గా నూనె పోసినాడు.
నేను మాత్రం పొద్దుగూకితే
గేటు దాకా పోయి నిలబడేదాన్ని,
ఇంటికి రావలసినవాళ్లు ఆలస్యమైనట్టు.

పదోనాటి రాత్రి రెండుంబావుకు సైరన్.
నాలో ఒకటి లేచి కూర్చుంది.
దాని పేరు నాకు తెలుసు.
ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాండా:
సంతోషం.

మద్దిలేటి, ముప్పై నాలుగేళ్లు, వెల్దుర్తి.
మార్కెట్టుకు ఎర్రగడ్డలు తెస్తాంటే బండి బోల్తా.
కుడి మోకాలి కింద
తెల్లగా, తడిగా,
టార్చిలైటుకు మెరిసే ముక్క.
తొమ్మిది లీటర్ల సెలైన్‌తో కడిగినాం.
మట్టి పోయింది, తారు పోయింది,
ఎముక సందులో ఇరుక్కున్న ఎర్రగడ్డ పొట్టు మాత్రం
పొర మీద పొర వస్తానే ఉంది,
ఫోర్సెప్స్ కొసన లేత గులాబీ రంగులో.
నడుముకు మత్తు గనక మెలకువగానే ఉన్నాడు.
తెర అవతల నుంచి అడిగినాడు:
"మేడమ్, రోడ్డు మీద గడ్డలు ఎవరన్నా ఎత్తినారా?
యాభై మూటలు. నావి గావు, మా బావవి."
కాలు ఉంటాదా అని అడగలేదు.
అడిగుంటే బాగుండు,
దానికి నా దగ్గర జవాబుండె.

బయట రాడ్లు, లోపల మేకులు.
ఆరు వారాలకు వచ్చినాడు. మూడు నెలలకు వచ్చినాడు.
ఆరో నెల రాలేదు.
ఫోను వాళ్లావిడ ఎత్తింది.
"ఆయప్ప బండి తోలుకోని ఆదోనికి పోయినాడు మేడమ్.
కాలుకేం, బాగుండాది,
పొద్దున పూట పుత్తూరు నూనె రుద్దుకుంటాడు, అంతే."

కళ్లతో చూడనిదాన్ని రాయకూడదు.
నడుచుకుంటా పోయినవాణ్ణి
గళ్ల కాగితంలో "తప్పిపోయినాడు" అని రాసినా.
గంటలకూ చీముకూ మధ్య నేను వెతికిన గీత
వంకరగా పోయి ఎక్కడో ఆగింది.
లెక్కల సారు కళ్లద్దాలు తుడుచుకొని
ఒకటి తగ్గిందే, అన్నాడు.

రాజ్‌విహార్ దగ్గర బైండింగు షాపు.
నల్ల రెక్సిను, బంగారు అక్షరాలు, నాలుగు కాపీలు.
కట్ట విప్పుతాంటే అరవయ్యో కాగితంలోంచి
ఎండిన పొట్టు ఒకటి రాలింది,
ఆ రాత్రి నా ఏప్రాన్‌దో, వాని చొక్కాదో.
చెత్త పడింది మేడమ్, అని ఊదేసినాడు పెద్దాయన.
అది గడప దాటి రోడ్డెక్కింది.
ఎక్కడో దూరంగా వన్ నాట్ ఎయిట్ కూత.
ఆయన తడివేలితో పేజీలు లెక్కబెడతాన్నాడు.
నేనూ లోపల
ఏదో లెక్కబెడతాన్నా.