అంటుకున్న వైపు

కరెంటు పోయింది.
పర్లాకిమిడి బజారంతా ఒక్కసారిగా జనరేటర్ల దగ్గు.
మా స్టూడియోలో ఇన్వర్టర్ మీద
ప్రింటర్ ఒక్కటే బతికుంది.

నూలుగుజ్జు కాగితం, షీటు నూట ఎనభై,
కటక్ నుంచి బస్సు డిక్కీలో వచ్చింది.
కట్ట విప్పిన కుర్రాడు
ఏ వైపు పైకి పెట్టాడో వాడికే తెలీదు.

వెలుతురుంటే ఏటవాలుగా పట్టి చూసేవాణ్ణి.
పూత ఉన్న వైపు సున్నంలా ఉంటుంది
లేని వైపు ఉతికిన పంచెలా.
ఫోన్ లైటు వేస్తే
రెండూ ఒకేలా తెల్లబోయాయి.

వేలితో రాశాను.
ముప్ఫయ్యేళ్ళు హైపో నీళ్ళు తిన్న వేళ్ళు,
అవేం చెబుతాయి.
డార్క్‌రూమ్‌లో గౌరీశం మేష్టారి కేక:
"ఏటా తడుముడు? మూల పెదాల మద్దినెట్టు.
అంటుకున్నది మొకం.
అంటుకోంది ఈపు."

పెట్టుకున్నాను.
బల్ల అవతల నీలాద్రి మహరాణా భార్య
చూసింది, నవ్వలేదు.
దున్నకొమ్ము పలక నున్నబడిందో లేదో
ఆయనా చెంపకి ఆనించి చూసేవాడట.

పొద్దున పాడైన ప్రింటు బల్ల మీదే ఉంది.
తిరగబడ్డ కాగితంలోకి ఇంకంతా ఇంకిపోయి
నలుపు బూడిదై, మీసం మసకై,
ఆకురాయి పట్టుకున్న చెయ్యి
దుమ్ములో ఎక్కడో.

కరెంటు వచ్చేసరికి కొత్తది బయటికొచ్చింది,
కనుబొమ వెంట్రుకలు లెక్కపెట్టేంత.
"బావుంది" అంది ఆమె,
పెళ్ళిలో వంట గురించి అన్నట్టు.
పాతదాని మీద వేలు పెట్టి
"ఏ పాఖ" అంది.

నేను ప్రశ్న అనుకున్నాను.
ఆ పక్క తప్పమ్మా, అది వీపు, పూత ఉండదు,
అని చెప్పుకుపోతున్నాను.
ఒడియాలో అది ప్రశ్న కాదని
ఇన్నేళ్ళుగా తెలిసీ.

ఏ పాఖ. ఈ పక్కే.

"కొమ్ముపొడి కప్పుకుని
ఇలాగే వచ్చేవాడు సాయంత్రం" అంది.
"తుడిస్తే గాని మొహం తెలిసేది కాదు."

డబ్బు వద్దన్నాను.
కొంగుముడి విప్పి సగం పెట్టింది.
సగమెందుకో నేనడగలేదు.

మంచి ప్రింటు సొరుగులో ఉంది.
చూడాలనిపించక, పారెయ్యనూ లేక.
పెదవి మీద రెండ్రోజులు సున్నం రుచి.

మిగిలిన షీట్లన్నిటికీ
వెనక మూలన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టరా
అని కుర్రాడికి చెప్పాను.

వాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
"వెనకంటే ఏ పక్కండీ?" అన్నాడు.