ఖాళీ క్యాన్ల చప్పుడు

మా నాయన దొరసామి
ఐరాల నుంచి పూతలపట్టు దాకా
ముప్పై ఏండ్లుగా పాల వ్యాను తోలతా ఉండాడు.
కరువొచ్చిందని ఆయనకు
ఆకాశం చెప్పదు, పేపరూ చెప్పదు.
మలుపులో బ్రేకు తొక్కినప్పుడు
వెనకాల క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతాయి,
అప్పుడు తెలుస్తుంది.
"నిండిన క్యాను మాట్లాడదు మే,
ఖాళీదే ఊరి సంగతంతా చెప్పేది" అంటాడు.

నేను తిరుపతిలో, రెండో అంతస్తు ల్యాబులో
ఏసీ నీళ్ళు కారే గోడ పక్కన
ఈస్టు కణాలకు ఆకలి నేర్పుతున్నాను.
నేర్పడం కాదులే. వాటికి ముందే తెలుసు.
ఎట్లా తెలుసునని అడుగుతున్నాను.

కణంలోనూ పాల వ్యాన్లుంటాయి.
ఒక్కో అమైనో ఆమ్లాన్ని మోసుకుని
వంటశాల గడప దాకా తెచ్చే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు.
సరుకు దొరకని రోజు
అవి వట్టి చేతులతో తిరుగుతాయి.
ఆ వట్టి చేతుల్ని పట్టుకోవడానికే
ఒక ప్రోటీను కాచుకుని ఉంటుంది.

దాని బొమ్మ నా కంప్యూటర్ మీద
ఆరు నెలలుగా తిరుగుతోంది.
మెలికలు, పట్టీలు, మడత మీద మడత.
చలికి మోకాళ్ళు కావలించుకున్న మనిషిలాగా
తన చేత్తో తన నోరే మూసుకుని ఉంటుంది.
ఒక పక్కన గుంట.
సరుకెక్కించే ఎంజైముకు ఉండే గుంటలాంటిదే,
కానీ ఇది బరువులెత్తడం ఎన్నడో మానేసింది.
మార్కెట్ యార్డు గేటు దగ్గర కూర్చున్న ముసలి హమాలీ,
ఏ బండి ఉత్తదో చూపుతోనే పట్టేస్తాడే, అట్లా.

నిండుది వస్తే ఆ గుంటలో నిలవదు.
ఖాళీది వస్తే
కొలిచి తవ్వినట్టు కూర్చుంటుంది.
అప్పుడు మడత కదులుతుంది,
నోటి మీద చెయ్యి జారుతుంది.
ఒక్క ఫాస్ఫేటు ముద్ర పడుతుంది,
వంటశాలలన్నీ పొయ్యిలు తగ్గిస్తాయి.
మంచి రోజుల్లో ఎవరూ చివరిదాకా చదవని
ఒక్క చీటీని మాత్రం అప్పుడు చదువుతారు:
బయట దొరకదు, ఇంట్లోనే చేసుకోండి.

ఆ గుంటలో నేను రెండు అక్షరాలు మార్చాను.
రెండే.
మిగతా మడతలన్నీ ఉన్నవి ఉన్నట్టే.
ఖాళీవి వచ్చాయి, తడిమాయి, జారిపోయాయి.
లోపల ఎవరూ పొయ్యి తగ్గించలేదు.
మూడో రోజుకు ప్లేటు మీద
పక్క వరసలో తెల్లటి చుక్కలు,
నా వరసలో వట్టి జెల్లీ.
హసీనా దాన్ని వెలుగుకు ఎత్తి చూసి
"పాపం, ఆకలని కూడా తెలీకుండా పోయినాయి" అంది.

ఫెలోషిప్పు రాక నాలుగు నెలలు.
మెస్సులో నా పేరు కొట్టేశారు.
పొద్దున రెండిడ్లీ, సాయంత్రం టీలో బన్ను.
ఫోన్లో "తిన్న్యావా" అంటే
"తిన్నా నాయనా."

నిన్న మిట్టమధ్యాహ్నం ల్యాబుకొచ్చాడు.
వ్యాను రిపేరుకని రేణిగుంటకు వచ్చినాడంట.
ఆ షెడ్డు మూసి రెండేండ్లయింది.
స్టీలు క్యారియర్‌లో రాగి సంగటి, ఊరిబిండి,
ఒక ఎర్రగడ్డ.
ఏమీ అడగలేదు. తింటుంటే చూస్తా కూర్చున్నాడు.
ఆయన మౌనానికి తట్టుకోలేక బొమ్మ చూపించాను.
అద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూసి
"ఖాళీది కూర్చునేది ఈడేనా?"
వేలు సరిగ్గా గుంట మీదే పెట్టాడు.
ఎట్లా కనిపెట్టావంటే
తెర మీద పడిన మరకను తువ్వాలుతో తుడుస్తా
"మొన్న ఫోన్లో నీ గొంతు
మలుపులో మోగినట్టు మోగింది మే" అన్నాడు.

ఇంకేమీ అనకుండా లేచాడు.
ఆయన మెట్లు దిగుతుంటే
క్యారియర్ గిన్నెలు ఒకదానికొకటి తగిలి
కింది అంతస్తు దాకా మోగాయి.
అప్పుడు గాని నాకు తట్టలేదు,
అది ఆయన రోజూ వ్యానులో తెచ్చుకునే క్యారియరని.