అమ్మ వాటా

ఆ చలికాలం నాన్న ఎడమ చెయ్యి కట్టులో ఉంది.
మంచు తోసే బండి మెట్టు మీంచి జారాడు.
"బండికేం కాలేదు," అని
అడిగినవాళ్లకల్లా ముందు అదే చెప్పేవాడు.

పెన్యాస్కోలో పొద్దుగూకితే రోడ్డుకి రంగుండదు.
కొండకవతల, టావోస్ ఆసుపత్రిలో, అమ్మకి రాత్రి డ్యూటీ.
బీన్స్ అడుగంటాయి, అవే తిన్నాం.
జెనైదా గిన్నె తోసేసి "తీపి ఏదీ?" అంది.
దానికి ఆరేళ్లు. వాయిదాలు ఒప్పుకోని వయసు.

నాన్న అలమర తెరిచి చాలాసేపు నిలబడ్డాడు.
పిండి డబ్బా.
ఎలుగుబంటి ఆకారం సీసాలో
దాని చెవుల దాకా తేనె.
"సోపాపియాలు," అన్నాడు,
రోజూ చేసేవాడిలా.

కొలతలు అమ్మ చేతికే తెలుసు.
ఆ చెయ్యి ఇప్పుడు ఎవరికో సెలైన్ ఎక్కిస్తూ ఉంటుంది.
నాన్న ఒంటి చేత్తో గాల్లో చూపించాడు:
ఇంత పిండి, చిటికెడు ఉప్పు, చెంచాడు బేకింగ్ పౌడరు,
గోలీకాయంత పంది కొవ్వు,
కాదు కాదు, రెండు గోలీలు.
పిసికింది నేను.
పిండి వేస్తే రాయి, నీళ్లు పోస్తే బురద.
చివరికి ఆయన వంగి, తన చెవి తమ్మె పట్టుకోమన్నాడు.
"ఇంత మెత్తన. అంతే."
నా వేళ్ల గుర్తు ఆ చెవి మీద
మర్నాటి దాకా తెల్లగా ఉంది.

తువ్వాలు కప్పి ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాల్లో ఐదుసార్లు కిటికీ దగ్గరికెళ్లాడు.
ఆయన బండి ఇప్పుడు సెలెదోనియో నడుపుతున్నాడు.
"వంపు దగ్గర బ్లేడు పైకెత్తేస్తాడు వాడు,"
అద్దంతో అన్నాడు, మాతో కాదు.

నూనె కాగింది.
మొదటి ముక్క మునిగి, అడుగున కాస్త పడుకుని
అట్టముక్కలా తేలింది. కుక్కకి వేశాం.
రెండోదీ కుక్కకే.
మూడోదాన్ని కుక్క వాసన చూసి వెళ్లిపోయింది.
"మంట చాల్లేదు," అన్నాడు నాన్న.
"పిండి మందం," అన్నాను నేను.
"మీకు రాదు," అంది జెనైదా.

బల్ల మీది గీతలు కనపడేంత పలచగా ఒత్తాను.
నాలుగోది పడగానే నాన్న
చెంచాతో నొక్కిపట్టి, మీద వేడినూనె చిలకరిస్తూ
ఊపిరి బిగబట్టాడు. మేమూ బిగబట్టాం.
ఓ మూల చిన్న బుడగ.
పక్కన ఇంకోటి.
రెండూ కలిసి, ఒక్కసారిగా మొత్తం లేచింది,
నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
జెనైదా కెవ్వుమంది.

కిరాణా సంచి చింపి పరిచాం.
మూల కొరికి, ఆవిరి పోనిచ్చి, లోపలికి తేనె.
లోపల ఏమీ లేకపోవడమే
దాని రుచంతా అని అప్పుడు తెలీదు నాకు.
తేనె మోచేతుల దాకా కారింది,
నాన్న కట్టు మీదా ఎండిపోయింది.

అన్నిట్లోకీ బాగా పొంగినవి రెండు
నీలం పళ్లెంలో పెట్టి, ఇంకో పళ్లెం బోర్లించాడు.
"పొద్దుటికి పొంగు పోతుంది నాన్నా."
"మూత పెట్టాంగా."

తెల్లారేసరికి ఆయన కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది.
ఏడున్నరకి గుమ్మంలో బూటు దులిపిన చప్పుడు.
చాలాసేపటికి రెండో బూటు.
"వంపు దగ్గర రోడ్డు బాగానే తీశాడు," అంది అమ్మ,
ఎవరూ అడక్కుండానే.

పళ్లెం తెరిచింది.
రెండూ చతికిలబడి, పాత చేతొడుగుల్లా ఉన్నాయి.
నాన్న నేల చూశాడు.

అమ్మ ఒకదాని మూల కొరికి
ఆ చిల్లుకి నోరానించి, బుగ్గలు పూరించి ఊదింది.
అది సగం లేచి, ఆగి, కుంగింది.
మళ్లీ ఊదింది.
కోటు ఇంకా విప్పనేలేదు.

తేనె ఎలుగుబంటి పాదాల్లోకి దిగిపోయింది.
జెనైదా సీసా తలకిందులు చేసి
అమ్మ పక్కనే నిలబడింది,
చుక్క కదిలే దాకా.