ఎడమ దిక్కు రేకు

దేవరకొండ అడ్డరోడ్డు మీద నా దుకాణం.
ట్రాలీ డాలాలు, గేట్ల కొక్కాలు,
బోరు మోటరు గుంజే మూడుకాళ్ళ స్టాండ్లు,
ఇవే నా చేతికి తెలిసిన పనులు.
నీళ్ళకు వంపు తెచ్చిపెట్టమని
ఇరవై ఏండ్లల ఎవ్వడూ అడగలే.

వైజాగ్ కాలనీ నుంచి వచ్చిండు తాతారావు.
చేపల మంచుపెట్టెల థర్మాకోల్ అతికి, చెక్కి,
పైన ఫైబరు తొడిగిన పలక భుజం మీద.
"సైదులన్నా, పడవ ఎనకాల కెరటం కావాల."
కెరటం అంటె ఏందిరా అన్న.
చెయ్యి లేపి, వేళ్ళు ముందుకు వంచి
"ఇదిగో, ఇంతే. ఇరగకుండ నిలబడాల."

పడవ పోతుంటె రెండు దిక్కుల నీళ్ళు
ఎనకాల ఒకదాని మీద ఒకటి పడి
కొట్లాడుకొని నురుగైతయి.
ఎడమ నీళ్ళను ఒక్క క్షణం ఆలస్యం చేస్తె
కుడి నీళ్ళు తమ దారిన తాము లేస్తయంట.
ఫోన్ల చూపిచ్చిండు. నమ్మలే.
మా అన్నదమ్ముల పంచాయితి యాదికొచ్చి
కొంచెం నమ్మిన.

మొదటిది పాత కూలర్ తలుపు, కబ్జాలతోని.
పావుగంట నిలవలే. బోల్టులు ఊడి
ఏలేశ్వరం గట్టు కాడ మునిగింది.
అడుగున ఎవరి పెరట్ల పడ్డదో.
రెండోది మందుడ్రమ్ము కోసిన నీలం ముక్క.
నీళ్ళు తగిలినంక కుక్కచెవి లెక్క మడుసుకున్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
తెల్లారంగ యాదికొచ్చింది మా నాయిన ఇనుప మడక.
రెక్క ఎట్ల వంగితె మన్ను అట్ల మర్లుతది అనేటోడు,
ఎక్కువ వంచితె ఎడ్లు సస్తయి,
తక్కువైతె గడ్డి నవ్వుతది.
స్కేలు పెట్టలే. రెండు వేళ్ళ వాలు.
రేకును సుత్తెతోని కొట్టి కొట్టి
ఆ రెక్క వంపుకు తెచ్చిన,
అంచుకు ట్రాక్టర్ ట్యూబు రబ్బరు కుట్టిన.
బిల్లుబుక్కుల ఏం రాయాల్నో తోచలే.
"పడవ మడక, ఒకటి" అని రాసిన.

ఆదివారం పొద్దుగాల గాలి లేదు.
కృష్ణ మీద మేస్త్రి మట్టం పెట్టినట్టున్నది.
కుడి దిక్కు బరువు కావాలన్నడు పిల్లగాడు.
యూరియా సంచులల్ల ఇసుక, ఎనిమిది.
వాటి మీద ఇద్దరు మేనమామలు.
సాలదంటె వాళ్ళ నాయినమ్మ నూకాలు
చుట్ట ఆర్పకుండనే ఎక్కి ఎనక అంచున కూసున్నది.
పడవ కుడికి ఒరిగింది.
నాకు ఈత రాదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంజను గుర్రుమన్నది.
మొదలు మామూలు నురుగే.
జర మెల్లగ, అన్న. ఇంకింత మెల్లగ.
రేకు కాడ నీళ్ళు తడబడ్డయి.
కుడి దిక్కున నున్నగ, పచ్చగ
దున్నిన సాలు లెక్క ఒక్క మడత లేచి
మా ఎంట రాబట్టింది.
సాలు పడ్డ కాడనే ఉంటది.
ఇది నడుస్తున్నది.
తాతారావు లేచి నిలబడ్డడు. తాడు వదిలిండు.
ఎవ్వరూ గుంజుత లేరు,
అయినా వస్తనే ఉన్నడు.

నేను నూకాలు దిక్కు చూసిన.
భీమిలి ఒడ్డున పుట్టిందట,
పన్నెండేండ్లప్పుడు వలల మూటతోని ఈడికొచ్చిందట.
ఏడుస్తదనుకున్న.
ఆమె చెయ్యి చాపి, లేచిన నీళ్ళు ఇన్ని పట్టి
నాలుక మీద ఏసుకొని తుపుక్కున ఉమ్మింది.
"ఉప్పు నేదు. ఇదేటి కెరటంరా!"
అని పండ్లు ఇకిలించి
సంచుల మీద ఇంకింత కుడికి జరిగింది.

అల జానెడు పెరిగింది.
ఒడ్డున ఆరేసిన వలలు తడిసినయని
ఎవరో మొత్తుకుంటున్నరు.