గూటాలు లేని డేరా

కోరియెంతెస్‌లో జనవరి అంటే
ఇంటి రేకుల మీద గుడ్డు పగలగొడితే వేగిపోయే ఎండ.
ఆ ఎండలో మా నాన్న
రెండు జతల మేజోళ్ళు వేసుకుని పడుకుంటాడు.
వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు.
ఊహ తెలిసేదాకా నేనూ నవ్వాను.

మంచు అనే మాట తప్ప మంచు ఎరగని కుర్రాణ్ణి,
పరానా ఏట్లో గాలం వేసుకునేవాణ్ణి,
పలచటి కోటిచ్చి
దక్షిణ దీవుల్లో గుంట తవ్వుకోమన్నారట.
తిరిగి దింపింది రాత్రిపూట, కిటికీలు మూసిన బస్సులో.
ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.
మా నాన్న మాట మీద నిలబడే మనిషి.

దిండు గలీబులో రొట్టె ముక్కలుండేవి.
అమ్మ శనివారం శనివారం దులిపి
ఏమీ అడక్కుండా కోళ్ళకి వేసేది.
గాలికి తలుపు ధడాలుమంటే మంచం కింద ఉండేవాడు,
కాసేపటికి
చెప్పు వెతుక్కున్నట్టు లేచి వచ్చేవాడు.

తోళ్ళ కార్ఖానాలో పని మొదటి వారంలోనే మానేశాడు.
పచ్చి తోలుని లాగి
నాలుగు గూటాలకి కట్టి ఎండబెట్టే పని.
సోమరి అన్నాడు తాత.
చచ్చేదాకా అన్నాడు.

ఇక్కడ ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే
పెళ్ళంత సందడి.
నాకోసం అద్దెకి డేరా తెచ్చారు.
సుత్తి నేనే పడతానన్నాడు నాన్న.
ఒక గూటం దిగింది. రెండోది. మూడోది.
నాలుగో దాని దగ్గర చెయ్యి పైనే ఉండిపోయింది.

మోకాళ్ళ మీద కూలబడి నేలతో చెప్పాడు:
"గొర్రెని దొంగిలించాను. ఆకలి.
కట్టేసింది మా లెఫ్టినెంటే. శత్రువు కాదు, మావాడే.
చేతులకి రెండు, కాళ్ళకి రెండు.
వెల్లకిలా, మంచు మీద, తెల్లారేదాకా.
ఇంగ్లీషువాళ్ళ గుండ్లు కొండవతల పడుతుంటే
ఇటు రండి, ఇటు రండని పిలిచాను.
గ్వారానీలో పిలిచాను, మా అమ్మ భాషలో.
వాటికది రాదు."

అమ్మ ఏమీ అనలేదు.
పండక్కి కొన్న బూట్లతోనే వెళ్ళి
మూడు గూటాలూ పీకి కంచె అవతల పారేసింది.
ఎల్పీదియో మామ ఒక తాడు ట్రాక్టరుకి ముడేశాడు.
ఒకటి నారింజ చెట్టుకి, ఒకటి బావి గుంజకి.
నాలుగోదానికి ఏమీ దొరకలేదు.
వచ్చినవాళ్ళే వంతులవారీగా పట్టుకున్నారు,
ఒక చేత్తో తాడు, ఒక చేత్తో గ్లాసు.
రుఫీనా అత్త వంతులో డేరా ఓ పక్కకి ఒరిగి
సగం సూపు ఒలికిపోయింది.

తండ్రీ కూతురూ నాట్యం చేసే వేళకి
తాడు నాన్న చేతిలో ఉంది.
రొట్టెల కొట్టు కుర్రాడొచ్చి ఇటివ్వమన్నాడు.
ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.
అకార్డియన్ మళ్ళీ మొదటినుంచి వాయించాడు ముసలాయన.
నా పాదం రెండుసార్లు తొక్కాడు నాన్న.

ఆ రాత్రి దిండు గలీబులో కేకు ముక్క.
పొద్దుటికి చీమల బారు.
ఆదివారమైనా అమ్మ దులిపింది.
కోళ్ళు తిన్నాయి.