తలకట్లు లేని పేజీ

నార్త్ షీల్డ్స్‌లో, చేపల రేవు మెట్లకు పైన,
నా కళ్ళద్దాల కొట్లోకి హెడ్లీ మొదటిసారి వచ్చినప్పుడు
అతని బొటనవేలి గోటికింద నీలం రంగు.
పడవలకు పేర్లు రాస్తానన్నాడు.
గోడమీది అక్షరాల్ని అట్టడుగు వరస దాకా గడగడా చదివి,
ఆ ఆర్ కాలు వంకరగా దిగిందని తప్పు పట్టాడు.
చూపు బాగానే ఉంది.
అయినా మరుసటి వారం మళ్ళీ వచ్చాడు.

బిల్లు పుస్తకంలో నేను గిలుకుతున్న తెలుగుని
చటుక్కున తనవైపు తిప్పుకుని
"ఇవేం పిట్టలు?" అన్నాడు.
తలకట్లు!
ప్రతి అక్షరం నెత్తినా ఒకటి వాలి ఉందట,
టైన్ వంతెన దూలాల మీద కిట్టివేక్‌లు వాలినట్టు.
నలభై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని,
ఒక్కనాడూ రెక్కల చప్పుడు వినలేదు.

ఎడమ పేజీలో నా కవిత, కుడి పేజీలో అతని బొమ్మ,
మొత్తం పదమూడు. అదీ ఒప్పందం.
అర్థం చెప్పొద్దన్నాడు, పైకి చదివితే చాలన్నాడు.
కెటిల్ మరిగే లోపు చదివేదాన్ని.
ఎడబాటు మీద రాసినదానికి తడిసిన బూటు గీశాడు,
ఒంటి బూటు, లేసు విప్పలేదు.
మా అమ్మ పోయిన రాత్రి గురించిన దానికి,
నేనేమీ చెప్పలేదు, ఒట్టు,
ఖాళీ గిన్నె, అంచున ఒక వేలిముద్ర.
ముద్దు మీద రాసినదానికి మాత్రం ఎండ్రకాయ.
రెండ్రోజులు మాట్లాడలేదు నేను.
మూడోనాడు ఒక ముసలాయన కంట్లోకి దీపం వేసి చూస్తూ
నవ్వాపుకోలేక చచ్చాను.

ఒకే ఒక్క మాటకి అర్థం అడిగాడు: మరువం.
కుండీలో పెంచే మొక్క అన్నాను, నలిపితే వాసన.
ఇంకోటి కూడా ఉంది, మనం మర్చిపోము అని.
"ఏది ముందు?"
తెలీదన్నాను.
కుండీ గీశాడు. అందులో మన్ను మాత్రమే.

మార్చిలో, సముద్రం మీంచి పొగమంచు
వీధిలోకి పాకిన రోజు,
పొద్దస్తమానం జనాన్ని అడిగే ప్రశ్నే అతన్నీ అడిగాను:
ఇది స్పష్టంగా ఉందా, అదా?
ఇక్కడ ఉండటమా, పీటర్‌హెడ్ వెళ్ళటమా.
నేనా, ఆవిడా.
గడ్డం గీరుకుని, పాపం నిజాయితీగానే,
"రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నాడు.
అలా అన్నవాళ్ళకి అద్దం మార్చి మళ్ళీ అడగటం నా వృత్తి.
ఆరోజు అడగలేదు.
దీపం ఆర్పేశాను.

తొమ్మిది బొమ్మలు. నాలుగు బాకీ.

మూడేళ్ళకి అతని అక్క ఐలీన్ దగ్గర్నుంచి అట్టపెట్టె వచ్చింది.
నిచ్చెన తడిగా ఉంది, అని రాసింది. నవంబరు, అని రాసింది.
అంతకుమించి రాయలేకపోయింది కాబోలు.
పెట్టెలో బ్రష్షులు లేవు, నాకని ఉత్తరం లేదు,
నాలుగు దళసరి కాగితాలు.

బొమ్మలు కావవి. నా కవితలే.
ఒక్క అక్షరమూ తెలియని మనిషి
పడవ పేరు దించినంత ఓపిగ్గా దించిన నా దస్తూరీ.
సున్నాలు గుండ్రంగా ఉన్నాయి,
వత్తులు నీళ్ళలోకి వేలాడే తాళ్ళలా ఉన్నాయి.
ఒక్క తలకట్టు లేదు.
నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

ఎగిరిపోయాయనా? నేనే తోలేశాననా?
ఆగస్టులో వెళ్ళే కిట్టివేక్‌ల్లాగా
తిరిగొస్తాయి, చోటు ఉంచమనా?
అడుగుదామంటే మనిషి లేడు.
తలకట్టు తీసేసి క రాసి చూడండి,
గొంతు దగ్గరే ఆగిపోతుంది.

టైన్‌మౌత్ స్టేషను సంతలో చేతి అచ్చుయంత్రం నడిపే మార్జరీ
కాగితాలు అటూ ఇటూ తిప్పి అడిగింది,
ఏ పేజీ కవిత, ఏది బొమ్మ అని.
రెండూ ఒకేలా ఉన్నాయన్నాను.
ఆవిడకేం తెలుసు, తలూపి పేజీలు బిగించుకుంది.

అంతకుముందు రాత్రి, ఒక్క పని చేశాను.
పన్నెండో కవితలో మరువం మళ్ళీ వస్తుంది.
పెన్సిల్‌తో, చెరిపితే పోయేట్టు,
మ మీద ఒకదాన్ని వాలనిచ్చాను.
మిగతావాటి జోలికి పోలేదు.